చేతులు మారిన చీజు

మా పద్నాలుగో వార్డులో ప్రతి ఆడమనిషీ రోజుకు పావుకిలో చీజు తింటుందని ప్రభుత్వ లెక్కల్లో ఉంది. ఈ సంగతి జిల్లాలో అందరికంటే ఆఖరున తెలిసింది మాకే. తెలిసేసరికి శ్రావణమాసం వెళ్ళిపోయింది, మాణిక్యాంబగారి మణికట్టు విరిగింది, అంగన్‌వాడీ పిల్లలకు గుడ్లు ఆగిపోయాయి.

జరిగింది జరిగినట్టు చెబుతాను. కల్పించి చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

కొత్తవంతెన మునిసిపాలిటీలో మా వార్డు అంగన్‌వాడీ కేంద్రం మా ఇంటి ప్రహరీని ఆనుకుని ఉంటుంది. ఇరవైముగ్గురు పిల్లలు, ఒక ఆయా, ఒక టీచరు. టీచరు పేరు ఎస్తేరు. పన్నెండేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. తల్లుల కమిటీకి అధ్యక్షురాలిని నేను. నా పిల్లలు అంగన్‌వాడీ వయసు దాటి పదిహేనేళ్ళయింది. అయినా నన్నే ఎందుకు పెట్టారంటే, నేను హోంసైన్సు డిగ్రీ చదివాననీ, మా ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలు ఎక్కువున్నాయనీ. రెండోదే అసలు కారణమని నా అనుమానం.

ఆషాఢం చివర్లో ఒకరోజు ఆ కుర్చీలన్నీ అవసరపడ్డాయి. పట్టణ పోషణ పురోగతి అధికారి పినాకపాణిగారు వచ్చి, ‘సౌమ్య పోషణ పథకం’ మా వార్డులోనే మొట్టమొదట ప్రారంభమవుతోందని ప్రకటించారు. ఆయన చేతిలో ఎర్రటి ఉండ ఒకటి ఉంది. బత్తాయికాయ కంటే కాస్త పెద్దది, పైన నున్నటి మైనం పూత.

“ఇది సౌమ్య అర్ధమృదు చీజు,” అన్నారాయన. “అనగా మిక్కిలి గట్టిదీ కాదు, మిక్కిలి మెత్తనిదీ కాదు. రుచి యందు సౌమ్యము. వంద గ్రాములకు ఇరవై ఐదు గ్రాముల మాంసకృత్తులు, ఏడు వందల మిల్లీగ్రాముల కాల్షియము దీనియందు నిక్షిప్తమై యున్నవి.”

ఉండకు రెండు వందల గ్రాములు. మా వార్డుకు అరవై ఉండలు. ఎంపికైన అరవై ఇళ్ళకు, మా ఇంటితో సహా, తలా ఒకటి. ఉండ అడుగున నల్లగళ్ళ చీటీ అంటించి ఉంది. దాన్ని ఫోనుకి చూపిస్తే ఠింగుమని మోగి, ఒక ఆడగొంతు ‘పోషణ అందినది, ధన్యవాదములు’ అంటుంది.

ఆ రోజు చదివి వినిపించిన సర్క్యులర్‌లో ఒక వాక్యం ఉంది. తర్వాతి కథంతా ఆ వాక్యం చేసిన పనే కాబట్టి మాటమాటగా రాస్తున్నాను: ‘చీజు చేతులు మారిన ప్రతి సందర్భమునందును ఇచ్చువారి, పుచ్చుకొనువారి ఛాయాచిత్రము తీసి తప్పక నమోదు చేయవలెను.’ గోదాము నుంచి లారీకి, లారీ నుంచి ఆటోకి, ఆటో నుంచి కేంద్రానికి వచ్చేలోపు దారిలో ఎవరూ నొక్కేయకుండా పెట్టిన నిబంధన అది. మంచి నిబంధనే. కాకపోతే ఎక్కడ ఆపాలో రాయడం మరిచిపోయారు.

ఎస్తేరు లేచి, ఇళ్ళకు వెళ్ళిపోయాక కూడా నమోదు చెయ్యాలా సార్ అని అడిగింది. పినాకపాణిగారు కళ్ళజోడు సవరించుకుని కాగితం మళ్ళీ చదివారు. “ప్రతి అని ఉన్నది. ప్రతి అనగా ప్రతి. ఒక్కటి తప్పినా మెమో ఇవ్వవలసి వచ్చును,” అన్నారు.

ఎవరు తిన్నారో ఎక్కడ రాయాలని నేను అడిగాను. అటువంటి గడి ఏదీ లేదన్నారు. ‘ఇచ్చువారు’, ‘పుచ్చుకొనువారు’. అంతే.

ప్రదర్శన కోసం అరవై ఒకటో ఉండను కోసి అందరికీ చూపించారు. అందరూ చూశారు. మిగిలింది అధ్యక్షురాలిననే గౌరవంతో నాకిచ్చి పంపారు. మావారు ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు ఆలోచించి, “దీనికి రుచి ఇంకా వెయ్యలేదా?” అన్నారు. తోటకూర పప్పులో వేస్తే గరిటె బయటికి రానంది. పులుసులో వేస్తే కరిగి, పులుసుకి గోడ సున్నం రంగు తెచ్చింది. పెనం మీద వేయిస్తే పెనంలో కలిసిపోయింది. ఆ పెనం నానబెట్టి తోమేసరికి మా పనిమనిషి మూడు వీధులకు కబురు మోసేసింది. ఇక అరవై ఇళ్ళలో ఒక్కరూ ఉండ మీద కత్తి పెట్టలేదు. పారేద్దామంటే ప్రభుత్వ సొమ్ము. తిందామంటే మా పెనం చరిత్ర. అరవై ఉండలూ అరవై ఫ్రిజ్జుల్లో కూర్చున్నాయి.

అప్పుడు శ్రావణమాసం వచ్చింది.

మా వార్డు పేరంటాలకు రాజ్యాంగం మాణిక్యాంబగారు. రిటైర్డు తాసీల్దారుగారి భార్య, మా ఇంటికి రెండో పక్క గోడ అవతలే ఉంటారు. డెబ్భై దాటినా ఏ నోముకు ఎంతమంది ముత్తైదువలో, ఏ వాయనంలో ఏం పెట్టాలో చూడకుండా చెబుతారు. మొదటి శుక్రవారం వాయనాలు సర్దుతూ ఫ్రిజ్జు తీసిన ఆవిడకు ఎర్రగా గుండ్రంగా కుంకుమ భరిణెలాంటి ఉండ కనిపించింది. చూడ్డానికి శుభప్రదంగా ఉంది, ఇంట్లో ఉంచుకుంటే పనికిరాదు. వాయనంలో పెట్టే వస్తువుకి ఈ రెండు లక్షణాలే కదా కావాలి.

దీన్ని అర్థం చేసుకోవాలంటే జాకెట్టు ముక్కల సంగతి తెలియాలి. మా వార్డులో ఒక ముదురాకుపచ్చ జాకెట్టు ముక్క ఉంది. నేను కాపురానికి వచ్చిన ఏడాది మొదటిసారి చూశాను. ఈ ఇరవై ఆరేళ్ళలో దాన్ని నాలుగుసార్లు పుచ్చుకున్నాను, నాలుగుసార్లు ఇచ్చాను. ఎవరూ కుట్టించరు. అది కుట్టించుకోవడానికి కాదు, ఇవ్వడానికి.

మాణిక్యాంబగారు ఉండను పసుపు, కుంకుమ, శనగలు, తమలపాకుల మధ్య పెట్టి పక్కింటావిడకు ఇచ్చారు. పక్కింటావిడ అదే సాయంత్రం ఎదురింటావిడకు ఇచ్చింది. మంగళవారానికి అరవై ఉండలూ వీధిలో పడ్డాయి. ‘చీజు’ అనడం మంగళకరంగా లేదని అందరూ దాన్ని ‘సౌమ్య’ అనడం మొదలెట్టారు. సౌమ్య మీ ఇంట్లో ఉందా, మా ఇంటికి పంపుతారా, నాకు రెండు సౌమ్యలు తక్కువయ్యాయి వదినా అని గోడల మీదుగా మాటలు.

చేతులు మారిన ప్రతిసారీ ఫోటో తియ్యాలి కాబట్టి ఎస్తేరు ప్రతి పేరంటానికీ వచ్చి గుమ్మంలో నిలబడేది. పాపం, పిల్లలకు అన్నాలు పెట్టేసి, ఆయాకు అప్పజెప్పి, ఫోను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. లోపల ‘ఇస్తినమ్మ వాయనం’, ‘పుచ్చుకుంటినమ్మ వాయనం’. గుమ్మంలో ఠింగు. ‘పోషణ అందినది, ధన్యవాదములు.’ మూడో శుక్రవారానికి ఆవిడ ఎంత రాటుదేలిందంటే, కొత్తకోడళ్ళెవరైనా మాట మరిచిపోతే గుమ్మంలోంచి తనే అందించేది. “మా చర్చి సంఘకాపరిగారు అడిగితే డ్యూటీలో ఉన్నానని చెబుతానక్కా,” అంది నాతో.

మా ఇంటి ఉండ మీద మావారి పెన్ను గీత ఒకటి ఉంది. కాగితాలు ఎగరకుండా దాన్ని మీద పెట్టుకుని పేపరు చదివేవారు. అది తొమ్మిది రోజుల తర్వాత మళ్ళీ నాకే వచ్చింది. ఎస్తేరు ఫోనులో చూసి, అది ముప్ఫై ఒక్క ఇళ్ళు తిరిగొచ్చిందని చెప్పింది. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటూ వాటిలో పంతొమ్మిది ఇళ్ళ గడప నేను తొక్కనేలేదు.

శ్రావణం వెళ్ళిన మర్నాడు పినాకపాణిగారు శాలువాలతో వచ్చారు. మళ్ళీ మా కుర్చీలు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. మా వార్డులో చీజు తొమ్మిది వేల నూట ఇరవై సార్లు చేతులు మారింది. ఎస్తేరు ఫోనులోని పథకం యాప్ ఆ సంఖ్యను రెండు వందల గ్రాములతో హెచ్చవేసి, వార్డులోని రెండు వందల నలభై మంది ఆడవాళ్ళతో, నెలకున్న ముప్ఫై రోజులతో భాగించింది. తలసరి రోజుకు పావుకిలో.

“ఇది కేవలం పురోగతి కాదు, సంతృప్త స్థాయి,” అన్నారాయన. “క్షేత్రస్థాయిలో మహిళామూర్తులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి చీజును స్వీకరించిన తీరు నభూతో నభవిష్యతి.”

అరవై ఉండలే కదండీ ఇచ్చారు, తొమ్మిది వేలు ఎలా తిన్నాం అని నేను అడగబోయాను. సరిగ్గా అప్పుడే నాకు శాలువా కప్పారు. శాలువా కప్పుతున్న మనిషిని ప్రశ్న అడగడం కష్టం. మీరెప్పుడైనా ప్రయత్నించారో లేదో.

ఆ వారమే మాణిక్యాంబగారు పెరట్లో కుళాయి దగ్గర పాచి మీద జారారు. కుడిచేతి మణికట్టు విరిగింది. డాక్టరు ఎక్స్‌రే తీసి పిండికట్టు వేశాడు. పరామర్శకు నేనూ వెళ్ళాను, పినాకపాణిగారూ వచ్చారు. ఆయన ముఖంలో దుఃఖం కంటే సందేహం ఎక్కువగా ఉంది. ఫోను తీసి ఆవిడ పేరు వెతికి, శ్రావణంలో ఆవిడ నూట నలభై రెండు ఉండలు పుచ్చుకున్నారనీ, అంటే రోజుకు ఆరున్నర వేల మిల్లీగ్రాముల కాల్షియం అందినట్టనీ, అంత కాల్షియం ఉన్న ఎముక విరగడానికి నిబంధనలు ఒప్పుకోవనీ చెప్పారు.

“విరిగింది నాయనా,” అన్నారు మాణిక్యాంబగారు. “నాకు తెలుస్తోంది.”

“మీకు తెలియుట వేరు, నివేదికలో ఉండుట వేరు కదమ్మా.”

“మరి నొప్పి నివేదికలో రాదా?”

“రాదండి.”

అయితే దాన్ని నివేదికకే ఇచ్చి పంపెయ్యి, నేను పడుకుంటాను అన్నారావిడ.

ఇబ్బంది ఏమిటంటే, నాలుగు రోజుల్లో రాష్ట్రస్థాయి పరిశీలన బృందం రాబోతోంది. అత్యధికంగా చీజు పుచ్చుకున్న మహిళకు ‘ఉక్కు ఎముకల మహిళ’ అని బిరుదు పట్టీ వెయ్యాలని అప్పటికే నిర్ణయమైపోయింది. పట్టీ అచ్చయి వచ్చేసింది. పేరు కూడా అచ్చయింది. పినాకపాణిగారు బతిమాలితే మాణిక్యాంబగారు పిండికట్టు మీద పట్టుచీర కొంగు కప్పుకుని వేదికెక్కారు. బృందంలోని పెద్దావిడ కరచాలనం చెయ్యబోతే, మా ఆచారం ప్రకారం ఉక్కు ఎముకలవాళ్ళు నమస్కారమే పెడతారని పినాకపాణిగారు అడ్డంపడ్డారు. ఒంటిచేత్తో నమస్కారం పెట్టారు మాణిక్యాంబగారు. బృందం రాసుకుంది.

ఇంతవరకూ మాకంతా సరదాగానే ఉంది. నవ్వుకోవడానికి ప్రభుత్వం ఏర్పాటు చేసిన కార్యక్రమంలా ఉంది. అసలు సంగతి ఆ మరుసటి సోమవారం తెలిసింది.

అంగన్‌వాడీకి గుడ్లు రాలేదు.

గుడ్లబండికి బదులు కాగితం వచ్చింది. పద్నాలుగో వార్డు పోషణలో సంతృప్త స్థాయిని అధిగమించినందున, తల్లికి అందిన పోషణ బిడ్డకు అందినట్టే పరిగణింపబడును కనుక, సదరు వార్డు నందు గుడ్లు, పాలు హేతుబద్ధీకరించడమైనది. హేతుబద్ధీకరించడమంటే ఆపేయడం. పైపెచ్చు అధిక పోషణ వలన స్థూలకాయము సంభవించు ప్రమాదము గలదు కనుక, పిల్లలచే దినమునకు అరగంట పరుగు తీయించవలెను.

రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళే రత్తమ్మకు పావని అని కూతురుంది. నాలుగేళ్ళు. పదకొండున్నర కిలోలు. తల్లి తెల్లారకముందే పనికెక్కుతుంది కాబట్టి ఆ పిల్లకు పొద్దున్న పడే మొదటి ముద్ద అంగన్‌వాడీలోనే. వస్తూనే గుడ్డు ఉడికిందా అని అడుగుతుంది. ఎస్తేరు ఏబీసీడీలు ఎన్నిసార్లు చెప్పినా ఆ పిల్లకు వచ్చిన మొదటి వాక్యం అదేనట.

సోమవారం అడిగింది. మంగళవారం అడిగింది. బుధవారం అడగడం మానేసి వంటగది గుమ్మంలో కూర్చుంది. ఎస్తేరు రెండు రోజులు తన ఇంట్లోంచి గుడ్లు తెచ్చింది, నేను నాలుగు రోజులు పాలు పోయించాను. ఇరవైముగ్గురికి ఎన్నాళ్ళు పోస్తాం? వారం తిరిగాక తూకం వేస్తే పావని పదకొండుంపావుకు దిగింది. ఆ అంకె నమోదు చెయ్యబోతే, సంతృప్త వార్డులో బరువు తగ్గడం సాధ్యం కాదు, తూకం సరిచూసుకొనవలెను అని యాప్ ఎర్రగా మెరిసింది.

“అక్కా, నావల్లే,” అంది ఎస్తేరు. ఫోను ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. “నేనే కదా ప్రతి ఇంటి ముందూ నిలబడి తీశాను. ఈ చేత్తోనే తీశాను.”

నేను తనని ఆటోలో ఎక్కించుకుని పినాకపాణిగారి ఆఫీసుకు వెళ్ళాను. బల్ల మీద మా వార్డు ఫోటో ఫ్రేము కట్టించి పెట్టుకున్నారాయన. అందులో నేను శాలువాతో, నోరు తెరిచి, అడగని ప్రశ్నతో ఉన్నాను. కూర్చోగానే నిజం చెప్పేశాను. ఎవరూ తినలేదండీ, ఒకరికొకరం ఇచ్చుకున్నాం, ఉన్నవి అరవయ్యే, అవే తిరుగుతున్నాయి అన్నాను.

ఆయనేమీ ఉలిక్కిపడలేదు. ఆఫీసుల్లో నిజానికి ఎవరూ ఉలిక్కిపడరు. దాన్ని ఏ ఫైల్లో పెట్టాలా అని మాత్రం ఆలోచిస్తారు.

“తినలేదని రాసిస్తారా అమ్మా?”

“రాసిస్తాను.”

“తినకపోతే చీజు ఉండాలి కదా.”

“ఉందండీ. అరవై ఉండలూ ఉన్నాయి.”

“తొమ్మిది వేల నూట ఇరవై అందుకున్నట్టు ఫోటోలతో సహా ఉన్నది. తినినట్లయితే సమస్య లేదు. తినలేదంటే తొమ్మిది వేల నూట ఇరవై నాకు చూపించాలి. అరవై చూపిస్తే మిగతా తొమ్మిది వేల అరవై ఏమైనట్టు?”

నేను ఎస్తేరు వైపు చూశాను. ఎస్తేరు ఫోను వైపు చూసింది.

“అపహరణ కింద వచ్చును,” అన్నారాయన, నిజంగానే బాధగా. “అన్ని నమోదులూ టీచరుగారి పేరు మీదనే ఉన్నవి. ఆమెను లోపల వెయ్యవలసి వచ్చును. నా సలహా ఏమనగా, మీరు తిన్నారు. హాయిగా తిన్నారు. ఇంటికి వెళ్ళండి.”

అంటే ఎస్తేరు జైలుకు వెళ్ళకుండా ఉండాలంటే మేం రోజుకు పావుకిలో తింటూ ఉండాలి. మేం తింటున్నంతకాలం పావనికి గుడ్డు లేదు. ఆటోలో తిరిగి వస్తుంటే వంతెన దగ్గర ఎస్తేరు, వచ్చే వారం ఉండ్రాళ్ళతద్ది, ఆ తర్వాత దసరా బొమ్మల కొలువులు, ఆ తర్వాత అట్లతద్ది అక్కా అని వేళ్ళు మడిచింది. ఇవ్వడం ఆగదు. వాయనం వద్దనడం మా వార్డులో ఇంకా ఎవరూ చెయ్యలేదు. ఒకావిడ టైఫాయిడ్‌తో పడుకుని కూడా మంచం మీంచే పుచ్చుకుంది.

వేళ్ళు మడవడం చూస్తుంటే నాకు లెక్క తట్టింది. యాప్‌కి తినడం తెలియదు. దానికి తెలిసిందల్లా చేతులు మారడం. చేతులు మారాలంటే ఉండ ఉండాలి. ఉండ లేకపోతే?

“తినేద్దాం,” అన్నాను.

“ఏంటక్కా?”

“చీజు. నిజంగా తినేద్దాం. అరవయ్యీ.”

ఎస్తేరు నన్ను వింతగా చూసింది. ఇన్నాళ్ళ పథకంలో ఆ ఆలోచన ఎవరికీ రాలేదు మరి.

మాణిక్యాంబగారి అనుమతి లేకుండా వార్డులో ఏదీ జరగదు. ఆవిడ ఒప్పుకోలేదు. వాయనం తిరుగుతుండాలి, ఆపితే ఏం అరిష్టమో, అరవయ్యేళ్ళుగా ఒక్క జాకెట్టు ముక్కయినా నా చేతిలో ఆగలేదు అన్నారు. నేను వాదించలేదు. ఆవిడను చెయ్యి పట్టుకుని, అదీ ఎడమచెయ్యి, గోడ పక్క సందులోంచి అంగన్‌వాడీకి తీసుకెళ్ళాను. అది పరుగు వేళ. ఆయా ఈల వేస్తోంది, ఇరవైముగ్గురు పిల్లలూ స్థూలకాయం రాకుండా ఆవరణ చుట్టూ పరిగెడుతున్నారు. పావని రెండు చుట్లు పరిగెత్తి, వంటగది గుమ్మంలో కూర్చుని, మాణిక్యాంబగారిని చూసి కొత్తమనిషి కదా అని మళ్ళీ ఆశగా అడిగింది.

“గుడ్డు తెచ్చావా?”

మాణిక్యాంబగారు మడి కట్టుకునే మనిషి. జీవితంలో గుడ్డు ముట్టుకోలేదు. ఆ పిల్లను చాలాసేపు చూశారు. ఎముకలు కనబడుతున్నాయే దీనికి అన్నారు. తర్వాత నావైపు తిరిగారు.

“శనగలు వాయనమిస్తే తినమూ? అట్లు ఇస్తే తినమూ? పుచ్చుకున్నవాళ్ళు తినాలనే కదా ఇవ్వడం. మనకే మతి తప్పింది హైమా. ఉండ్రాళ్ళతద్ది నాడు అన్నీ మా ఇంటికి తెమ్మను. ఎవరైనా దాచుకుంటే నాతో చెప్పు.”

మిగిలింది ఎలా తినాలనే ప్రశ్న. నా పెనం చరిత్ర అందరికీ గుర్తుంది. దానికి జవాబు కూడా మాణిక్యాంబగారే చెప్పారు. చప్పగా ఉన్నదాన్ని చప్పనివాటిలో వేస్తే ఏమొస్తుందే, కారం ఉన్నచోట పడెయ్యి అన్నారు. బజ్జీ మిరపకాయలు చీల్చి, గింజ తీసి, వాముపొడీ చింతపండూ రాసి, మధ్యలో సౌమ్యను వేలెడు ముక్క కోసి కూరి, శనగపిండిలో ముంచి బాణలిలో వెయ్యాలి. పిల్లలకు పెసరట్టు మీద ఉల్లిపాయతో పాటు తురిమి చల్లాలి. అంతే.

తద్ది నాటి మధ్యాహ్నం మాణిక్యాంబగారి పెరట్లో మూడు పొయ్యిలు పెట్టాం. అరవై ఉండలూ వచ్చాయి. ఒకావిడ మాత్రం తన ఉండకు బొట్టు పెట్టి, దేవుడి దగ్గర దీపం ముందు పెట్టేశానని నసిగింది. దేవుడు చూశాడు కదమ్మా, ఇక మనం తినొచ్చు అని తెప్పించారు. ఎస్తేరు నిబంధన తెలిసిన మనిషి కనుక ముందే హెచ్చరించింది: ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వకూడదు. ఇస్తే చేతులు మారినట్టు, ఫోటో తియ్యాల్సి వస్తుంది. కాబట్టి ఎవరి ఉండ వాళ్ళే కోసి బల్ల మీద పెట్టారు, కావలసినవాళ్ళు వచ్చి తీసుకున్నారు. జీవితమంతా ఒకరికొకరు కొసరి కొసరి వడ్డించుకున్న ఆడవాళ్ళు ఆ పూట చేతులు వెనక్కి కట్టుకుని, ‘తీసుకో వదినా, నేనివ్వను’ అనుకోవడం చూడాల్సిందే.

మైనం ఒలిస్తే లోపల చీజు రెండు నెలల ప్రయాణాలకు కాస్త ముదిరి, పసుపురంగు తిరిగి, సువాసన పట్టింది. నూనెలో వేగిన మిరపకాయ కొరికితే ముందు కారం చెవుల దాకా వెళ్ళేది. అంతలో లోపలి సౌమ్య కరిగి వచ్చి నాలుక మీద చెయ్యి వేసి నిమిరేది. మొదటి వాయిలో వచ్చినవి ఎవరికీ చాలలేదు. మావారు ఆరు తిని, ఇప్పుడు వేశారు రుచి అన్నారు. రత్తమ్మ షెడ్డు నుంచి నేరుగా వచ్చి, చేతులు మూడుసార్లు కడుక్కుని పళ్ళెం పట్టుకుంది. పావని రెండు పెసరట్లు తిని, మూడోదాని మీద తీగలా సాగుతున్న చీజును ముక్కు దాకా లాగి, తెగకుండా వెనక్కి మింగింది. ఆ తర్వాత పిల్లలంతా అదే పోటీ. ఎవరూ పరుగు గురించి గుర్తు చెయ్యలేదు.

నేను ఒక పక్కన కూర్చుని చదువుకున్న చదువును ఒకసారి వాడాను. పన్నెండు కిలోల చీజు, పిల్లాపెద్దా కలిపి రెండు వందల మంది. తలా అరవై గ్రాములు. అంటే పదిహేను గ్రాముల మాంసకృత్తులు, నాలుగు వందల ఇరవై మిల్లీగ్రాముల కాల్షియం. పథకం మొదలయ్యాక మా వార్డులో మనుషుల కడుపుల్లోకి వెళ్ళిన మొదటి పోషణ అది. ఎస్తేరు ఫోను గడప మీద పడి ఉంది. ఒక్కసారి కూడా ఠింగుమనలేదు.

ఆ రోజు నుంచి యాప్‌లో మా వార్డు ఎదుట సున్నా. మర్నాడూ సున్నా. ఎనిమిదో రోజున పినాకపాణిగారు స్కూటరు మీద వచ్చారు. ఈసారి కుర్చీ వేసినా కూర్చోలేదు.

“ఏమైందమ్మా మీ వార్డుకు? రోజుకు పావుకిలో తినేవారు. ఒక్కసారిగా శూన్యం. పైనుంచి మూడుసార్లు అడిగారు. రాష్ట్రంలో ఇంత తీవ్రమైన పోషణ పతనం ఇంతకుముందు నమోదు కాలేదు.”

“తినేశామండీ,” అన్నాను.

“ఏమిటి?”

“చీజు. తినేశాం. అయిపోయింది.”

ఆయన అరుగు మీద కూలబడ్డారు. ఎస్తేరు మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. అలవాటైపోయి చేతికివ్వలేదు. కాసేపటికి ఆయన ఫోను తీసి, శూన్యానికి కారణం చెప్పనిదే అది పైకి వెళ్ళదన్నారు. కారణాల పట్టిక చదివారు. వరద. అగ్నిప్రమాదము. వాహనము బోల్తా. ఎలుకలు. తినుట అనేది ఆ పట్టికలో లేదు.

“ఎలుకలు అని పెడదామా?” అన్నారు ఆశగా.

మాణిక్యాంబగారు గోడ అవతలి నుంచి, ఎలుకలనేది ఎవర్నిరా అని అడిగారు. ఆయన గబగబా పట్టిక కిందికి జరిపారు. అట్టడుగున ఇంకొకటి ఉంది. దాన్ని నొక్కి, ఒకసారి కళ్ళు మూసుకుని, పంపేశారు.

ఆ విధంగా మా వార్డు ఆడవాళ్ళు తిండి తినడం ‘ప్రకృతి వైపరీత్యము – ఇతరములు’గా నమోదైంది. వైపరీత్యానికి గురైన ప్రాంతంలో పిల్లలకు మూడు నెలలపాటు దినమునకు రెండేసి గుడ్లు, గ్లాసెడు పాలు తక్షణ సహాయం కింద ఇవ్వాలని వేరే సర్క్యులర్ ఉందట. అందుకు సంతకాలు అవసరం లేదట. సోమవారం పొద్దున్న గుడ్లబండి హారను వీధి మొగలోనే వినబడింది. లోపల ఎస్తేరు పాట మధ్యలో ఆపి, పాటకు తాళం వేస్తున్న పిల్లలను అలాగే వదిలేసి, చెప్పుల్లేకుండా గేటు దాకా పరిగెత్తింది. పావని వంటగది గుమ్మంలోంచి లేచి నిలబడింది.

బండి వెనకే పినాకపాణిగారి స్కూటరు వచ్చింది. ముందు అట్టపెట్టె. సాధారణ పరిస్థితుల పునరుద్ధరణ నిమిత్తం కొత్తగా మంజూరైన అరవై ఉండలు. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, అధికారిగా కాక మనిషిగా ఒక మాట అన్నారు.

“అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈసారి మాత్రం ఎవరూ తినకుండా చూసుకోండి.”

అలాగేనండీ అన్నాను. గోడ అవతల మాణిక్యాంబగారు బాణలి పెద్దది తియ్యమని కోడలికి చెబుతున్నారు.